వంశంలో ఉందని దాచకండి... రాసి పెట్టండి!

సంబంధం మాట్లాడేటప్పుడు మనం అడగని ప్రశ్నంటూ ఉండదు. గోత్రం, నక్షత్రం, ఉద్యోగం, పొలం, ఇల్లు, ఆడపడుచులు ఎంతమంది... అన్నీ ఆరా తీస్తాం. కానీ "అబ్బాయి తాతగారు ఏ వయసులో పోయారండీ, దేనితో పోయారు?" అని మాత్రం ఎవరం అడగం. అడిగితే అవతలివాళ్ళు నొచ్చుకుంటారేమోనని మన మొహమాటం. చెప్తే సంబంధం తప్పిపోతుందేమోనని వాళ్ళ భయం. ఈ మొహమాటానికీ ఆ భయానికీ మధ్య ఇంటి జబ్బులన్నీ మూటగట్టి అటక మీద పడేసినట్టు ఉండిపోతాయి.

ఈ వారం ఆ మూట విప్పుదాం అనిపించింది. దానికి కారణం ఒక సోదరి రాసిన ఉత్తరం. పేరూ ఊరూ వేయొద్దన్నారు, వేయను. ఆవిడ భర్తకి నలభై ఏడేళ్ళు. బి.పి. లేదు, షుగర్ లేదు. అయినా నాలుగేళ్ళ కిందట ఎడమచెయ్యి పట్టు తప్పింది. కోలుకున్నారు గానీ ఇప్పుడు లెక్కలు తడబడుతున్నారట, ఊరికే దిగులుపడుతున్నారట. మామగారికీ యాభైలోపే పక్షవాతం వచ్చింది. స్కానింగు తీసి, రక్తం పరీక్షకి పంపి, "ఇది జన్యువులో లోపం వల్ల మెదడులోని సన్నటి రక్తనాళాలకి వచ్చే జబ్బు, దీన్ని కాడసిల్ అంటారు" అని డాక్టరు చెప్పారు. ఇంట్లో ఇరవై మూడేళ్ళ ఆడపిల్ల, పదిహేడేళ్ళ కొడుకు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. "ఈ మాట గుమ్మం దాటడానికి వీల్లేదు, పిల్లలకి కూడా చెప్పొద్దు" అని అత్తగారు ఒట్టు వేయించుకున్నారట. "నేనేం చేయాలి అక్కయ్యా?" అని ఉత్తరం ముగించారు.

నేను డాక్టర్ని కాను. ఇంటర్‌లో బైపీసీ చదివి, ఆ తర్వాత పెళ్ళయి సంసారంలో పడ్డదాన్ని. మెండెల్ గారి బఠానీ మొక్కల పాఠం మాత్రం ఇంకా గుర్తుంది. ఈ ఉత్తరం వచ్చాక ఆ పాఠాన్ని దుమ్ము దులిపి, తెలిసినవాళ్ళని అడిగి, చదివి, నాకర్థమైనంత మీకు చెప్తున్నాను. ముందు జబ్బేమిటో తెలుసుకుందాం. తర్వాత ఆ చెల్లెమ్మకి జవాబు చెప్పుకుందాం.

చివరి మొక్కకి నీరందకపోతే...

మన ఒంటి బరువులో మెదడు సుమారు రెండు శాతమే ఉంటుంది. కానీ గుండె పంపే రక్తంలో 15 నుంచి 20 శాతం దాకా అదే తీసుకుంటుంది. ఆ రక్తం పెద్ద నాళాల్లో మొదలై, చీలి, మళ్ళీ చీలి, చివరికి వెంట్రుకంత సన్నటి నాళాలుగా మెదడు లోతుల్లోకి దిగుతుంది. పెరట్లో పాదులకి నీళ్ళు పెట్టేటప్పుడు చూడండి. మోటారు దగ్గర నీరు ధారాళంగానే వస్తుంది. చివరి పాదుకి వెళ్ళే చిన్న కాలువ పూడుకుపోయిందనుకోండి, ఆ ఒక్క మొక్కే వాడిపోతుంది. దానికి ఇంకో దారిలో నీళ్ళు రావు. మెదడు లోతుల్లో ఉన్న భాగం పరిస్థితి కూడా అంతే.

సన్న నాళాల గోడలు మందమై, బిరుసెక్కి, మూసుకుపోతే అక్కడక్కడ శనగగింజంత మేర మెదడు చచ్చిపోతుంది. ఒకటి రెండైతే మనిషికి తెలియను కూడా తెలియదు. అవి పెరిగేకొద్దీ నడక మందగించడం, మాట తడబడడం, మతిమరుపు, దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం మొదలవుతాయి. ఇంట్లోవాళ్ళు "ఈయనకి బద్ధకం ఎక్కువైంది" అనో, "అత్తయ్యకి చాదస్తం వచ్చింది" అనో అనుకుంటారు. అది బద్ధకమూ కాదు, చాదస్తమూ కాదు!

ఒక్క మాట ముందే చెప్పాలి. ఇలా సన్న నాళాలు పాడవడానికి ఎక్కువమందిలో కారణం పెరిగే వయసు, అదుపులో లేని బి.పి., షుగర్, పొగాకు. ఒకే ఒక్క జన్యువు వల్ల వచ్చేది అరుదు. కాబట్టి ఇది చదివి ఎవరూ కంగారు పడొద్దు. కానీ చిన్న వయసులో, బి.పి. కూడా లేకుండా, తరం తర్వాత తరంలో పక్షవాతం కనబడితే మాత్రం "మా రాత" అని ఊరుకోకూడదు.

పారిస్‌లో ఒక డాక్టరమ్మ

ఈ జబ్బు కథ మొదలైంది ఫ్రాన్సులో. 1976లో పారిస్‌లో మరీ జెర్మేన్ బూసేర్ అనే నరాల డాక్టరమ్మ దగ్గరికి ఒక రోగి వచ్చాడు. మెదడులో చిన్న చిన్న దెబ్బలు కనిపిస్తున్నాయి, బి.పి. మాత్రం లేదు. ఎందుకొచ్చిందో తేలలేదు. తర్వాత కొన్నేళ్ళకి అతని పిల్లలు కూడా ఇలాంటి బాధలతోనే వచ్చారు. మరొకరైతే "మీ ఇంట్లో అందరికీ ఇంతేనేమో" అని మందు రాసి పంపేసేవారు. ఈవిడ అలా పంపలేదు. కుటుంబంలో మిగతావాళ్ళనీ పిలిపించి అడిగారు, పరీక్ష చేయించారు. జబ్బు ఇంకా బయటపడని వాళ్ళలో కూడా కొందరి మెదడులో మచ్చలు కనిపించాయి.

ఆవిడతోపాటు ఎలిజబెత్ టూర్నియే లాసెర్వ్, ఆన్ జూటెల్ అనే మరో ఇద్దరు స్త్రీలు, హ్యూగ్ షాబ్రియా అనే డాక్టరు కలిసి పనిచేశారు. 1993లో లోపం 19వ క్రోమోజోమ్ మీద ఉందని తేల్చారు. కాడసిల్ అనే పేరు కూడా అప్పుడే పెట్టారు. 1996లో ఆ జన్యువేదో పట్టుకున్నారు. దాని పేరు నాచ్ 3. ఈ పనికి ఆ నలుగురికీ కలిపి 2019లో డెన్మార్కులోని లుండ్‌బెక్ ఫౌండేషన్ వారి బ్రెయిన్ ప్రైజు వచ్చింది. నలుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు! అయితే బహుమతిలో సగం ఆ కుటుంబాలకి కూడా చెందాలని నాకనిపిస్తుంది. వాళ్ళు "మా ఇంటి సంగతి మీకెందుకు" అని తలుపేసుకుని ఉంటే ఈ జబ్బుకి పేరు కూడా ఉండేది కాదు.

టిచ్ బటన్ల లెక్క

నాచ్ అంటే నొక్కు. సుమారు వందేళ్ళ కిందట శాస్త్రవేత్తలు పండ్ల ఈగల మీద పరిశోధనలు చేస్తుంటే, కొన్నిటి రెక్కల అంచు నొక్కులు పడినట్టు కనిపించింది. మగ్గిన అరటిపళ్ళ మీద ముసిరే చిన్న ఈగలుంటాయే, అవే! ఆ లోపమున్న జన్యువుకి ఆ పేరే పెట్టారు. మనుషుల్లో ఆ కుటుంబానికి చెందిన జన్యువులు నాలుగున్నాయి. మూడోది నాచ్ 3. మన రక్తనాళాల గోడల్లో ఉండే కండర కణాలకి అవసరమైన ఒక ప్రొటీన్ తయారుచేసే విధానం అందులో రాసి ఉంటుంది.

ఆ ప్రొటీన్ పొడవాటి గొలుసులా ఉంటుంది. ముందుభాగంలో 34 పూసలుంటాయనుకోండి. ఒక్కో పూసకి ఆరు టిచ్ బటన్ ముక్కలు ఉంటాయి. ఆరూ రెండేసి చొప్పున మూడు జతలుగా టిక్కున పడితేనే పూస గుండ్రంగా నిలుస్తుంది. జన్యువులో ఒక్క అక్షరం మారితే, ఆరు ముక్కలకి బదులు ఐదో, ఏడో వస్తాయి. జత కుదరని ముక్క ఒకటి మిగిలిపోతుంది. బట్టలు ఉతికేటప్పుడు మీరు చూసే ఉంటారు, జత లేని హుక్కు పక్క చీర పోగుని పట్టుకుని లాగేస్తుంది. ఇక్కడా అంతే. మిగిలిన ఆ ముక్క పక్కవాటిని పట్టుకుంటుంది. ప్రొటీన్ ముద్దలు కట్టి నాళాల గోడల్లో పేరుకుంటుంది. ఏళ్ళ తరబడి అలా పేరుకుని కండరం దెబ్బతింటుంది, గోడ మందమవుతుంది. లోపల దారి ఇరుకవుతుంది.

పుట్టుకతోనే ఉన్న లోపమైనా జబ్బు బయటపడేది పెద్దయ్యాకే. కొందరిలో ముప్పై ఏళ్ళ ప్రాంతంలో ఒంటి తలనొప్పి మొదలవుతుంది. అది కూడా మామూలుది కాదు. నొప్పికి ముందు కళ్ళముందు మెరుపుగీతలు కనిపించడం, చూపులో కొంత భాగం మాయమవడం, చెయ్యి తిమ్మిరెక్కడం జరుగుతాయి. నలభైల్లో, యాభైల్లో చిన్న చిన్న పక్షవాతాలు వస్తాయి. దిగులు, మతిమరుపు వాటి వెనకాల వస్తాయి. ముప్పై అయిదు దాటేసరికి లోపమున్నవాళ్ళలో దాదాపు అందరికీ ఎం.ఆర్.ఐ. స్కానులో మచ్చలు కనిపిస్తాయి. మరీ ముఖ్యంగా కణతల లోపలి భాగంలో మచ్చలుంటే డాక్టర్లకి అనుమానం వస్తుంది. రక్తంలో జన్యువు చదివి ఖాయం చేస్తారు.

ఒంటి తలనొప్పి ఉన్న అక్కయ్యలందరూ గుండెలు పట్టుకోకండి! ఆ నొప్పి మనలో ఎంతోమందికి ఉంటుంది. వాళ్ళలో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఈ జబ్బుతో సంబంధం లేనివాళ్ళే. తలనొప్పితోపాటు ఇంట్లో చిన్న వయసు పక్షవాతాలు కూడా ఉంటేనే ఆలోచించాలి.

బొమ్మా బొరుసా?

ప్రతి జన్యువూ మనకి రెండు ప్రతులు వస్తాయి. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. కాడసిల్‌లో ఆ రెంటిలో ఒక్కటి పాడైనా చాలు. జబ్బున్న మనిషి బిడ్డకి మంచి ప్రతి అయినా ఇవ్వచ్చు, పాడైన ప్రతి అయినా ఇవ్వచ్చు. రూపాయి బిళ్ళ ఎగరేసినట్టే. ప్రతి కాన్పుకీ బిళ్ళ కొత్తగా ఎగురుతుంది. అందుకని నలుగురు పిల్లల్లో కచ్చితంగా ఇద్దరికి వస్తుందని లెక్క కట్టకూడదు. నలుగురికీ రావచ్చు, ఎవరికీ రాకనూ పోవచ్చు. ఆడపిల్లా మగపిల్లాడా అన్న భేదం లేదు. ఇంకో శుభవార్త ఏమిటంటే, మంచి ప్రతి అందుకున్న బిడ్డ దగ్గర ఆ గొలుసు తెగిపోతుంది. ఆ బిడ్డ పిల్లలకి అటునుంచి అది రాదు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో మగాడికి పక్షవాతం వస్తే "కోడలు అడుగుపెట్టిన వేళ" అంటారు. ఆడదానికి వస్తే "పుట్టింటి నుంచి తెచ్చుకుంది" అంటారు. జన్యువుకి వేళా లేదు, పాళా లేదు. ఎవరూ కావాలని తెచ్చుకోలేదు, ఎవరూ కావాలని ఇవ్వలేదు. ఆ చెల్లెమ్మ అత్తగారు కూడా చిన్న వయసులోనే భర్తని మంచంలో చూసుకున్నారు, ఇప్పుడు కొడుకుని చూసుకుంటున్నారు. ఆవిడ దాచమంటున్నది దుర్మార్గంతో కాదు, మనవరాలి మీద ప్రేమతో. అది మనం మరిచిపోకూడదు.

జన్యువులో లోపం ఉన్నంతమాత్రాన అందరి జాతకం ఒకటి కాదు. ఒకే ఇంట్లో, ఒకే లోపంతో ఒకరికి నలభైలో పక్షవాతం రావచ్చు, మరొకరు అరవై దాటినా తిరుగుతుండవచ్చు. గొలుసులోని మొదటి ఆరు పూసల్లో లోపముంటే పక్షవాతం సగటున పన్నెండేళ్ళు ముందే వస్తుందని, ఏడో పూస నుంచి ఉన్నవాళ్ళకి ఆలస్యంగా వస్తుందని 2019లో తెలిసింది. అంతకు ముందు 2016లో మరో వింత బయటపడింది. రకరకాల దేశాల ప్రజల జన్యువులు చదివి చూస్తే, ఇలాంటి మార్పులు వెయ్యిమందిలో ముగ్గురికి పైగానే ఉన్నాయట! జబ్బుతో ఆసుపత్రికి వచ్చేవాళ్ళు అంతమంది లేరు. అంటే లోపమున్న చాలామంది జబ్బు తేలికగా ఉండో, వృద్ధాప్యం దాకా రాకుండానో బతికేస్తున్నారన్నమాట.

మేనరికం సంగతి

మన తెలుగిళ్ళలో ఇంకో ప్రశ్న వస్తుంది. "మేనరికం చేసుకున్నందుకే ఇలా అయిందా?" అని. కాడసిల్‌కి మేనరికం కారణం కాదు. ఒక్క ప్రతి పాడైతే చాలు గనక, బయటి సంబంధం చేసుకున్నా అది రావలసి ఉంటే వస్తుంది.

అయితే దానికి చెల్లెలి వరస జబ్బు ఇంకొకటుంది, కారసిల్ అని. అది మొదట జపానులో గుర్తించారు. దాని జన్యువు 10వ క్రోమోజోమ్ మీద ఉన్న హెచ్.టి.ఆర్.ఎ. 1 అని 2009లో తేలింది. ఇది పూర్తిగా రావాలంటే రెండు ప్రతులూ పాడవ్వాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ తలొక పాడైన ప్రతి మోస్తుంటే, ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఒకే తాతమ్మ మనవలు పెళ్ళాడినప్పుడు ఇద్దరి దగ్గరా అదే పాడైన ప్రతి ఉండే అవకాశం పెరుగుతుంది. చాలా అరుదైన జబ్బే గానీ మేనరికాలు చేసే ఇళ్ళలో గుర్తుంచుకోవలసినది. ఇందులో యవ్వనంలోనే జుట్టు రాలిపోవడం, నడుంనొప్పి, ముప్పైల్లోనే పక్షవాతం ఉంటాయి. ఒక్క ప్రతి పాడైనవాళ్ళలో కూడా కొందరికి పెద్ద వయసులో తేలికపాటి జబ్బు వస్తుందని 2015లో కనుక్కున్నారు.

చెల్లెమ్మకి జవాబు

చెల్లెమ్మా! ఇప్పుడు మీ సంగతికొద్దాం.

మొదటిది, ఈ మాట వినవలసిన మొట్టమొదటి మనిషి పెళ్ళికొడుకు వాళ్ళ నాన్నగారు కాదు, మీ అమ్మాయి. ఆమెకి ఇరవై మూడేళ్ళు. తన ఒంటి సంగతి, తన తండ్రి సంగతి తెలుసుకునే హక్కు ఆమెకుంది. పెళ్ళయ్యాక నలుగురి నోటా విని "అమ్మా, నీకు తెలిసే చెప్పలేదా?" అని అడిగితే మీ దగ్గర ఏం జవాబుంటుంది? చెప్పేటప్పుడు "నీకూ వస్తుందేమో" అని మొదలుపెట్టకండి. "నీకు రాకపోవడానికి కూడా సగం అవకాశం ఉంది" అని మొదలుపెట్టండి. రెండూ నిజమే. మొదట ఏది చెప్తామన్నదే తేడా.

రెండోది, పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. కొందరికి తెలిస్తే నిబ్బరం. కొందరికి తెలియకపోతేనే నిబ్బరం. రెండూ తప్పు కాదు. రక్తం ఇవ్వడానికి ముందే జన్యువుల డాక్టరు దగ్గర కూర్చుని మాట్లాడాలి. ఫలితం అటయితే ఏంచేస్తాను, ఇటయితే ఏంచేస్తాను అని ముందే ఆలోచించుకోవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో ఇందుకోసం వైద్య జన్యుశాస్త్ర విభాగమే ఉంది. మీ నరాల డాక్టరుగారిని అడిగితే మీకు దగ్గరలో ఎవరున్నారో చెప్తారు. పెళ్ళివారి బలవంతం మీదో, మామయ్యల బలవంతం మీదో మాత్రం పరీక్ష చేయించకండి.

మూడోది, మీ అబ్బాయికి పదిహేడేళ్ళు. ఏ బాధా లేని మైనరు పిల్లలకి ఈ పరీక్ష చేయించకూడదని వైద్యులే చెప్తారు. ఎందుకంటే ఇప్పుడు తెలిసినా ఈ వయసులో ఇవ్వాల్సిన మందేమీ లేదు. పెద్దయ్యాక అతనే తేల్చుకుంటాడు. కానీ నాన్న జబ్బేమిటో అతని వయసుకి తగ్గట్టు చెప్పండి. సిగరెట్టు ముట్టొద్దని చెప్పడానికి ఇంతకన్నా బలమైన కారణం దొరకదు.

నాలుగోది, అసలు కష్టమైనది. పెళ్ళివారికి చెప్పాలా? ఆ నిర్ణయం మీ అమ్మాయిది. నా మటుకు నేను, మాట ఒక దారికి వచ్చాక, తాంబూలాలకి ముందే, అమ్మాయే అబ్బాయితో విడిగా చెప్పడం మంచిదంటాను. పదిమందిలో పంచాయితీ పెట్టక్కర్లేదు. సంబంధం తప్పిపోవచ్చు. తప్పిపోదని మిమ్మల్ని ఓదార్చడానికి అబద్ధం చెప్పను. కానీ విని ఆగినవాడు, రేపు కష్టం వచ్చినా ఆగుతాడు. విని వెళ్ళిపోయినవాడు పెళ్ళయ్యాక వెళ్ళిపోయేకన్నా ఇప్పుడే వెళ్ళడం నయం కదూ!

ఇక అత్తగారి ఒట్టు సంగతి. ఆవిడ పక్కన కూర్చుని, మామగారికి మొదట ఏమైంది, ఎప్పుడైంది, ఆయన అక్కచెల్లెళ్ళకీ అన్నదమ్ములకీ ఏమైంది అని మెల్లగా అడగండి. ఇన్నేళ్ళుగా ఆవిడని అడిగినవాళ్ళు ఉండరు. చెప్పుకోవడం మొదలుపెడితే దాచాలన్న పట్టు దానంతటదే సడలుతుంది.

ఒక నోటుపుస్తకం తీయండి

ఇది ఆ చెల్లెమ్మకే కాదు, మనందరికీ. పాలలెక్క, చాకలిపద్దు రాసుకున్నట్టే ఇంటి ఆరోగ్యం పద్దు కూడా రాయండి. మూడు తరాలు చాలు. పుట్టింటి వైపు ఒక పేజీ, అత్తింటి వైపు ఒక పేజీ. ఒక్కొక్కరికీ ఇవి రాయండి:

పక్షవాతం, గుండెపోటు వస్తే ఏ వయసులో వచ్చింది. బి.పి., షుగర్ ఉన్నాయా, ఎప్పటినుంచి. ఒంటి తలనొప్పి ఉందా, ముందు మెరుపులు కనిపించేవా. మతిమరుపు, దిగులు ఏ వయసులో మొదలయ్యాయి. చుట్ట, బీడీ, ఖైనీ అలవాటుందా. దగ్గర సంబంధం పెళ్ళా. పోతే ఏ వయసులో, దేనితో పోయారు.

పెద్దవాళ్ళు జబ్బుల పేర్లు చెప్పరు. "గాలి సోకింది", "నోరు వంకరపోయింది", "కాలు ఈడ్చేవాడు", "మతి చలించింది" అంటారు. వాళ్ళన్నమాటే ఉన్నదున్నట్టు రాయండి, అర్థం డాక్టరు చూసుకుంటారు. స్కాన్ కాగితాలు పారేయకుండా ఒక సంచిలో పెట్టండి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ పేజీ చూపించండి. పారిస్ డాక్టరమ్మ ఏళ్ళ తరబడి ఇల్లిల్లూ అడిగి పోగుచేసింది అలాంటి పేజీలే!

మన చేతిలో ఉన్నది

కాడసిల్‌ని కుదిర్చే మందు ఇంతవరకూ రాలేదు. కానీ చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. లోపమున్నవాళ్ళలో కూడా బి.పి. ఉన్నవాళ్ళకీ, పొగ తాగేవాళ్ళకీ పక్షవాతం త్వరగా వస్తుందని తేలింది. జన్యువు మన చేతిలో లేదు. ఉప్పు గరిటె మన చేతిలో ఉంది, అవునా? జన్యులోపం లేని ఇంట్లోనూ ఇవే జాగ్రత్తలు.

మనిషికి రోజుకి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు. అంటే అన్నీ కలిపి ఒక చిన్న చెంచాడు. కూరలో తగ్గించి, పక్కన ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు పెడితే లెక్క తిరిగి మొదటికొస్తుంది. పచ్చడి వడ్డించేటప్పుడు గరిటెతో కాకుండా చెంచాతో వేయండి. మజ్జిగన్నంలో ఉప్పు మానేసి నిమ్మకాయ పిండి చూడండి, వారం రోజుల్లో నాలుక అలవాటు పడుతుంది.

నలభై దాటిన ప్రతివాళ్ళూ, ఈ జబ్బున్న ఇళ్ళలోవాళ్ళయితే ఇంకా ముందునుంచీ, బి.పి. చూపించుకోవాలి. ఒకసారి తగ్గిందని మాత్రలు సొంతంగా ఆపకూడదు. పొగాకు ఏ రూపంలోనూ వద్దు. ఉత్తరాంధ్ర వైపు కొందరు పెద్దమ్మలు అడ్డపొగ తాగుతారు. వాళ్ళకీ ఇదే మాట.

కళ్ళముందు మెరుపులతో ఒంటి తలనొప్పి వచ్చే ఆడవాళ్ళు గర్భనిరోధక మాత్రలు తమంతట తాము కొని వేసుకోకూడదు. మామూలుగా దొరికే రెండు హార్మోన్ల మాత్రలు అలాంటివాళ్ళకి పక్షవాతం ముప్పు పెంచుతాయి. డాక్టరమ్మకి తలనొప్పి సంగతి చెప్తే వేరే పద్ధతి చెప్తుంది. ఈ జబ్బున్న ఇంటి ఆడపిల్ల గర్భవతి అయితే, కాన్పు డాక్టరుకి ముందే ఆ విషయం చెప్పాలి.

చివరిగా ఇంకొకటి. మూతి పక్కకి పోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా అది ఎవరికైనా సరే, వెంటనే స్కానింగు ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షను పనిచేసేది మొదటి నాలుగున్నర గంటల్లోనే. అది ఇవ్వచ్చో లేదో డాక్టరు తేలుస్తారు గనక, ఇంట్లో ఈ జబ్బుందని అప్పుడే చెప్పండి. నోట్లో నీళ్ళు పోయొద్దు. పావురం రక్తం పూయిస్తామని ఊళ్ళు పట్టుకుని తిరగొద్దు. ఆ తిరిగే గంటలే మెదడుకి ప్రాణం.

మన అమ్మమ్మలు నగలూ, వెండి గిన్నెలూ, పచ్చళ్ళ కొలతలూ మనకి జాగ్రత్తగా అప్పజెప్పారు. జబ్బుల సంగతి చెప్పడానికి వాళ్ళకి దాని పేరే తెలియదు. మనకి తెలుసు. ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని మొదటి పేజీ రాయండి. రాస్తుంటే మీకు ఏం తెలిసిందో వీలైతే నాకూ ఓ కార్డు ముక్క రాయండి.

వచ్చేవారం మరో ముచ్చటతో కలుసుకుందాం.